పిల్లి లోపల, పిట్టలు బయట: ఇంటి కిటికీ నుంచే పక్షులను చూడటానికి సమగ్ర మార్గదర్శి

పిల్లిని పెంచుకుంటున్నాం కదా, ఇక పిట్టలు మన ఛాయలకు రావు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పిట్టలంటే ప్రాణం కాబట్టి పిల్లిని తెచ్చుకోలేమనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ ఒకే ఇంట్లో చక్కగా సాగుతాయి. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు అయినా, పల్లెలో పెంకుటిల్లు అయినా ఒక్క ఏర్పాటు మాత్రం తప్పనిసరి: పిల్లి గడప లోపల, పిట్ట గడప బయట. ఆ గీత గట్టిగా గీసుకుంటే పిల్లి చెవులు, కళ్లు మనకు పిట్టలను చూపించడం మొదలుపెడతాయి. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో, ఆ తరవాత ఏం చూడాలో, ఎలా చూడాలో వరసగా చెబుతాను.

1. ముందుగా పిల్లిని ఇంటిపట్టున ఉంచండి

పిల్లి ఆకలేస్తేనే వేటాడుతుందనుకోకండి. కడుపు నిండా తిన్న పిల్లి కూడా కదిలే రెక్క కనబడితే ఒళ్లు నేలకు ఆనించి పొంచి కూర్చుంటుంది. అది దాని పుట్టుక. తిట్టినా కొట్టినా మానదు, పైగా మనల్ని చూస్తే భయం పెంచుకుంటుంది. అమెరికాలో 2013లో వెలువడిన ఒక అంచనా ప్రకారం అక్కడి పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా పక్షులను చంపుతున్నాయి. అందులో పెద్ద వాటా యజమాని లేని పిల్లులదే అయినా, ఇళ్లలో పెరిగే పిల్లుల వాటా చిన్నదేమీ కాదు.

ఇంట్లో ఉండటం పిల్లికి కూడా మేలు. బండ్ల కింద పడటం, వీధి కుక్కల బారిన పడటం, ఇతర పిల్లులతో కొట్లాడి చీము పట్టిన గాయాలతో రావడం, ఎలుకల మందు తిన్న ఎలుకను తినడం వంటివన్నీ బయట తిరిగే పిల్లికే జరుగుతాయి.

అపార్ట్‌మెంట్ వాళ్లు బాల్కనీతో మొదలుపెట్టాలి. మన ఊళ్లలో పావురాల నెట్ కట్టేవాళ్లకు కొదవ లేదు. అయితే మామూలు నైలాన్ నెట్ పావురాన్ని ఆపడానికి సరిపోతుంది గానీ, పిల్లి పళ్లతో కొరికితే తెగుతుంది, గోళ్లతో లాగితే కొక్కేల దగ్గర ఊడుతుంది. స్టీలు జాలీ బిగించుకుంటే నిశ్చింత. నెట్టే కట్టించాల్సి వస్తే మందపాటిది ఎంచుకుని, కింది అంచు దగ్గర కొక్కేలు దగ్గర దగ్గరగా కొట్టించండి, ఎందుకంటే పిల్లి తల దూర్చేది అక్కడే. వారానికోసారి చేత్తో లాగి చూడండి. చినిగిన నెట్‌లో చిన్న పిట్టలు కూడా కాలు ఇరుక్కుని వేలాడుతుంటాయి కాబట్టి ఈ తనిఖీ రెండు ప్రాణుల కోసమూ. ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న, సన్నటి స్టీలు తీగలతో బిగించే ఇన్విజిబుల్ గ్రిల్ చూడ్డానికి బాగుంటుంది. తీగల మధ్య సందు రెండు మూడు అంగుళాలుంటే పిల్లిపిల్ల అందులోంచి జారిపోతుంది. పిల్లికి తల పడితే ఒళ్లు పట్టినట్టే.

దోమల జాలీని నమ్మి కిటికీ తెరిచి ఉంచకండి. ఎదురుగా పావురం వాలితే పిల్లి దాని మీదికి దూకుతుంది, జాలీతో సహా కిందికి పోతుంది. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా నాలుగు కాళ్ల మీద దిగుతుందిలే అన్న ధీమా పనికిరాదు. కాళ్ల మీద దిగినా దవడ, ఛాతీ, కాళ్ల ఎముకలు విరుగుతాయి.

బయట తిరగడం అలవాటైన పిల్లిని ఒక్కసారిగా బంధించకండి. సందె వేళ తిండి ఇంట్లోనే పెట్టి, అది తింటుండగా తలుపు వేసేయండి. మొదట రాత్రిళ్లు, తరవాత తెల్లవారుజాము, ఆపైన పగలు, ఇలా మెల్లగా పెంచుకుంటూ పొండి. లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పళ్లెం) మనుషుల రాకపోకలు తక్కువగా ఉండే మూల పెట్టాలి, తిండి గిన్నెలకు దూరంగా ఉండాలి. కొన్నాళ్లపాటు తలుపు దగ్గర కూర్చుని అరుస్తుంది. అరిచినప్పుడు జాలిపడి తలుపు తీస్తే, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. ఆ కొద్ది రోజులు ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి. అమ్మమ్మ ఒకలా, మనవడు ఒకలా చేస్తే ఇక కుదరదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం కూడా ఈ దశలోనే పూర్తిచేయండి. ఐదారు నెలల వయసు రాగానే పశువైద్యులను అడగవచ్చు. ఆపరేషన్ అయిన పిల్లి బయటికి పోవాలని అంతగా కొట్టుకోదు.

2. తిండి, ఆట సరిచేయండి

ఇది పిట్టలకు సంబంధం లేని విషయంలా కనిపిస్తుంది. నిజానికి పిట్టల ప్రాణాలు చాలావరకు దీనిమీదే ఆధారపడి ఉన్నాయి. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన పరిశోధనలో, మాంసం ఎక్కువగా ఉన్న, ధాన్యం కలపని ఆహారం పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన పిల్లుల విషయంలో 25 శాతం తగ్గింది. మెడలో గంట కట్టడం వల్ల మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మన ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలు పెట్టడం తాతల కాలం నుంచి వస్తున్న అలవాటు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. గుండెకు, చూపుకు అవసరమైన టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల నుంచే రావాలి. పెరుగన్నంతో కడుపు నిండుతుంది, ఒంటికి కావాల్సింది అందదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు, విరేచనాలవుతాయి. ఇంట్లో మాంసం వండని వాళ్లు మంచి రకం పిల్లి ఆహారం కొని పెట్టడమే న్యాయం. వండేవాళ్లు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి వేయకముందే ఉడికిన చికెన్ లేదా చేప ముక్కలు ముల్లు లేకుండా తీసి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని దెబ్బతీస్తాయి. అయితే ఉడికించిన మాంసం ఒక్కటే రోజూ పెట్టినా అన్నీ అందవు. అది పైతిండి, అసలు తిండి పిల్లి కోసం తయారైనదే అయి ఉండాలి.

పచ్చి కోడి వ్యర్థాలు మాత్రం వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్ పచ్చి మాంసం ద్వారా, చచ్చిన పక్షుల ద్వారా పిల్లులకు సోకుతుంది, సోకితే బతకడం కష్టం.

ఆట తెల్లవారుజామున, సందె వేళ పెట్టుకోండి. పిల్లి ఒంట్లో వేట వేడి పుట్టేది ఆ రెండు వేళల్లోనే, పిట్టలు మేతకు దిగేదీ అప్పుడే. ఒక కర్రకు తాడు కట్టి చివర గుడ్డపీలిక ముడివేస్తే చాలు. నేలమీద పాకించండి, సోఫా చాటుకు పోనివ్వండి, ఆగి ఆగి కదిలించండి. చివర్లో దాన్ని పట్టుకోనివ్వాలి. పట్టుకున్న వెంటనే తిండి గిన్నె పెట్టండి. తిన్న పిల్లి ఒళ్లు నాక్కుని, కిటికీ దగ్గర సర్దుకుని కూర్చుంటుంది. మీ అసలు పని అప్పుడు మొదలవుతుంది.

3. ఒక్క కిటికీ ఎంచుకోండి

ఇల్లంతా తిరుగుతూ చూడాలని పెట్టుకుంటే ఏదీ కుదురుగా కనిపించదు. చెట్టుకు ఎదురుగా ఉన్న కిటికీ దొరికితే అదృష్టం. వేప, కానుగ, మునగ, బాదం ఏదైనా సరే. ఉదయపు ఎండ చెట్టుమీద పడుతూ మీ వెనక నుంచి వస్తే రంగులు తేటగా కనిపిస్తాయి. తూర్పు ముఖం కిటికీ నుంచి పొద్దున్నే చూస్తే పిట్టలన్నీ నల్లటి నీడల్లా ఉంటాయి, అలాంటిచోట సాయంత్రం మేలు.

పిల్లికి కిటికీ అంచున ఒక గట్టి చెక్క బల్ల వేయండి. మీరు కాస్త వెనక, గదిలోని నీడలో కూర్చోండి. లోపల లైటు ఆర్పేస్తే పిట్టలకు మీరు పెద్దగా కనబడరు. అద్దం కింది సగానికి పలచటి తెర కడితే పిల్లి ఉనికి కూడా బయటికి అంతగా తెలియదు. బైనాక్యులర్స్ కొనదలిస్తే 8×32 గానీ 8×42 గానీ సరిపోతుంది (మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది). మొదటి నెల అది కూడా లేకుండా చూడమని నా సలహా. కంటితో నడక, ఎగిరే తీరు పట్టుకోవడం వచ్చాక బైనాక్యులర్స్ వాడితే చాలా ఎక్కువ తెలుస్తుంది.

కిటికీ దగ్గర పెంచే మొక్కల విషయంలో ఒక జాగ్రత్త. లిల్లీ జాతి పూలమొక్కలు పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తాయి, పుప్పొడి నాకినా ప్రమాదమే. మన ఇళ్లలో ఎంతో ఇష్టంగా పెంచే రణపాల పిల్లి గుండెకు విషం. కలబంద, మనీప్లాంట్ కూడా దానికి అందకూడదు.

4. పిట్టలకు నీళ్లు ముందు, గింజలు తరవాత

ఎండాకాలంలో ఒక మూకుడు నీళ్లు పెట్టినంత పుణ్యం ఇంకొకటి లేదు, పిట్టలను దగ్గరగా చూడటానికి అంతకన్నా మంచి మార్గమూ లేదు. గింజలకు పిచ్చుకలు, గువ్వలు, పావురాలే వస్తాయి. నీళ్లకైతే పురుగులు తినే నల్లంచి, పళ్లు తినే పికిలిపిట్ట, తేనె తాగే తేనెపిట్ట అన్నీ వస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకుని రెండు అంగుళాలకు మించకుండా నీళ్లు పోయండి. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దానిమీద నిలబడి తాగుతాయి. రోజూ పారబోసి, రుద్ది కడిగి నింపండి. దోమలు చేరవు, రోగాలు పాకవు.

మూకుడు ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. నెట్‌కు బయటి వైపు, పిల్లి పంజా అందని చోట ఉండాలి. నేలమీద పెడితే పక్కింటి పిల్లికి పళ్లెంలో వడ్డించినట్టే. పెరట్లో అయితే మనిషి ఎత్తున, చుట్టూ పొదలు లేని చోట పెట్టండి. పొంచి ఉండటానికి చాటు లేకపోతే పిల్లి దెబ్బ సాగదు. అద్దానికి మాత్రం మూడడుగుల లోపున గానీ, లేదా 30 అడుగుల అవతల గానీ ఉంచండి. మధ్య దూరంలో ఉంటే బెదిరి ఎగిరిన పిట్ట పూర్తి వేగంతో అద్దానికి కొట్టుకుంటుంది. మూడడుగుల్లో ఉంటే ఆ వేగం రాదు.

గింజలకు మన పాత పద్ధతే మేలు. కోనసీమ వైపు కోతలయ్యాక వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు, గుడి మండపానికి వేలాడదీస్తారు. పిచ్చుకలు వేలాడుతూ గింజ గింజా ఒలుచుకుని తింటాయి. పావురం అలా వేలాడలేదు కాబట్టి దాని బెడద ఉండదు. కొర్రలు, సజ్జలు, నూకలు కొద్దికొద్దిగా వేయవచ్చు. కారప్పూస, చిప్స్, ఉప్పు తగిలినవేవీ వద్దు. పావురాలకు మూటలకొద్దీ జొన్నలు పోయడం మానండి. వాటి సంఖ్య పెరిగితే రెట్టల దుమ్ము మనుషుల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, మిగతా పిట్టలకు చోటు లేకుండా పోతుంది.

పిచ్చుకల కోసం చెక్క గూడు పెట్టాలనుకుంటే రంధ్రం 32 మిల్లీమీటర్లు చాలు. ముందు వాలడానికి పుల్ల బిగించకండి, పిచ్చుకకు దాని అవసరం లేదు, కాకికి, పిల్లికి మాత్రం పట్టు దొరుకుతుంది. ఇంకో మాట: పిచ్చుక పెద్దయ్యాక గింజలు తిన్నా, పిల్లలకు పెట్టేది పురుగులే. బాల్కనీ మొక్కలకు పురుగుమందు కొడుతూ పక్కన గూడు కడితే పిల్లలకు మేత ఉండదు.

5. ముందు ఈ కొద్దిమందితో పరిచయం చేసుకోండి

కొత్తవాళ్లు పాలపిట్ట, నెమలి, ఫ్లెమింగో కోసం చూస్తారు. కిటికీ ముందు రోజూ వాలేవాటిని మాత్రం 'ఏదో పిట్ట' అని వదిలేస్తారు. మొదట రోజువారీ పిట్టలను, వాటి చేష్టలతో సహా గుర్తుపట్టండి.

పికిలిపిట్టతో మొదలుపెట్టండి. నల్లటి తల, మీద చిన్న కుచ్చు, తోక మొదట్లో కింద ఎర్రటి మచ్చ. ఎగిరేటప్పుడు నడుము మీద తెలుపు మెరుస్తుంది. జంటగా తిరుగుతుంది, బొప్పాయి ముక్క పెడితే బాల్కనీకి వచ్చేస్తుంది. గోరింక కంటి చుట్టూ పసుపు చర్మం, పసుపు కాళ్లు. గెంతదు, మనిషిలా అడుగులు వేస్తూ నడుస్తుంది, ఎగిరితే రెక్కల్లో తెల్లటి మచ్చలు కనిపిస్తాయి.

తేనెపిట్టను ఎక్కువసేపు చూడండి, ఎందుకంటే ఇది మోసం చేస్తుంది. ఊదారంగు తేనెపిట్ట మగది గూళ్ల కాలంలో ఎండలో నీలం, ఊదా మెరుపుతో, నీడలో కాటుకలా నల్లగా ఉంటుంది. ఆ కాలం దాటాక ఆడదానిలా గోధుమ, పసుపు రంగుల్లోకి మారిపోతుంది. గొంతు నుంచి పొట్ట మీదికి ఒక్క నల్లటి చార మాత్రం మిగులుతుంది. ఇది కొత్త పిట్ట అని రాసుకునేవాళ్లు ఎందరో. మునగ పూసినప్పుడు, మందారాలు విచ్చుకున్నప్పుడు దీన్ని చూడాలి. మందారం ముందు వైపు నుంచి ముక్కు అందకపోతే, పువ్వు మొదట్లో ప్రక్కనుంచి పొడిచి తేనె తీసుకుంటుంది.

దర్జీపిట్ట చాలా చిన్నది, గొంతు మాత్రం వీధంతా వినిపిస్తుంది. ఎర్రమట్టి రంగు నెత్తి, ఆకుపచ్చ వీపు, ఎప్పుడూ నిక్కబొడుచుకున్న తోక. పెద్ద ఆకు అంచులకు ముక్కుతో చిల్లులు పెట్టి, సాలెగూడు పోగులతో, దూదితో కుట్టి సంచి చేసి లోపల గూడు పెడుతుంది. బాల్కనీలోని కుండీ మొక్కలోనే గూడు పెట్టినా మనకు తెలియనంత నేర్పు దానిది.

నల్లంచి, కంసాలిపిట్ట, లకుముకి, జెముడుకాకి తరవాతి వరస. వేసవి మధ్యాహ్నం లోహం మీద చిన్న సుత్తితో కొట్టినట్టు 'టుక్ టుక్ టుక్' అని ఆగకుండా వినిపిస్తే అది కంసాలిపిట్ట. లకుముకిపిట్ట అంటే చెరువు గట్టునే ఉంటుందనుకోకండి. గోధుమ తల, తెల్లటి గొంతు, ఎర్రటి ముక్కు ఉన్న రకం నీటికి దూరంగా కరెంటు తీగ మీద కూడా కూర్చుంటుంది, మిడతలను, బల్లులను పడుతుంది. కోయిల పాడేది మగది. నల్లగా, ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమ రంగులో తెల్లటి చుక్కలతో ఉంటుంది, పాడదు, 'కిక్ కిక్' అని అరుస్తూ కాకుల నుంచి తప్పించుకుపోతుంది. దాని గుడ్లు కాకి గూట్లోనే కదా.

6. పిల్లి చెవులను చదవండి

పిల్లి ఉన్న ఇంట్లో మాత్రమే దొరికే సుఖం ఇది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం వినబడదు. పిల్లికి 60 కిలోహెర్ట్జ్ దాటినా వినబడుతుంది. ఏ మూల నుంచి చప్పుడు వచ్చిందో కనిపెట్టడంలో దానికి మనం సాటిరాం. మా పిల్లి చిట్టి కునుకు తీస్తున్నట్టే ఉంటుంది, ఒక చెవి మాత్రం మెల్లగా కుడివైపు తిరుగుతుంది. ఆ వైపు కానుగ కొమ్మల్లోకి చూస్తే ఆకుల మాటున దర్జీపిట్ట పురుగులు ఏరుతూ ఉంటుంది. నా అంతట నేను వెతికితే అది దొరికేది కాదు.

చెవులు రెండూ ముందుకు తిరిగి, కనుపాపలు పెద్దవై, తోక చివర మాత్రమే ఇటూ అటూ ఆడుతుంటే పిట్ట దగ్గరలో, నేల మట్టంలో ఉంది. వెనక భాగం కొద్దిగా ఊపుతోందంటే దూకడానికి సిద్ధమైంది, జాలీ బలం ఒకసారి గుర్తుచేసుకోండి. దవడ టపటపలాడిస్తూ 'క్క-క్క-క్క' అని సన్నగా శబ్దం చేస్తే, కంటికి కనిపిస్తూ కాలికి అందని పిట్ట ఉందన్నమాట. అది అరగంట దాకా అలాగే ఆరాటపడుతుంటే మాత్రం తెర వేసేసి కర్ర బొమ్మ తీయండి. ఎప్పుడూ అందని వేటతో వదిలేస్తే కొన్ని పిల్లులు చిరాకుతో పక్కనున్న మనిషినో, తోటి పిల్లినో కరుస్తాయి. చెవులు పక్కలకు అణిగి, ఒళ్లు కుదించుకుంటే ఆకాశం వైపు చూడండి. పైన గద్ద గిరికీలు కొడుతూ ఉండవచ్చు.

దీనికి తిరుగు పాఠం కూడా ఉంది: పిట్టలు పిల్లి గురించి చెప్పేది. ఉడత ఒకే స్వరంలో ఆగకుండా 'చిక్ చిక్ చిక్' అంటూ తోక కొడుతుంటే, పికిలిపిట్టలు, నల్లంచి ఒక్కచోట చేరి గోల చేస్తుంటే, పసుల పోలిగాడు పైనుంచి కిందికి దూకి మళ్లీ లేస్తుంటే, ఆ కింద పిల్లి గానీ, పాము గానీ, పగటి నిద్రలో దొరికిపోయిన గుడ్లగూబ గానీ ఉంటుంది. గోల ఏ కొమ్మ దగ్గర చిక్కగా ఉందో చూసి, పిట్టలన్నీ ఎటు ముఖం పెట్టాయో గమనించండి. వాటి చూపులు కలిసే చోట అది ఉంటుంది. చుక్కల గుడ్లగూబను పగలు చూడాలంటే దీన్ని మించిన ఉపాయం లేదు. గోల కాకుండా ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోతే, డేగ వచ్చిందని అర్థం.

7. రాసుకోండి

ఒక నోటుపుస్తకం, పెన్సిల్. తేదీ, వేళ, ఎండా మబ్బా, ఏ పిట్ట, ఎన్ని, ఏం చేస్తోంది. పేరు తెలియకపోతే పరిమాణం (పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా), ముక్కు తీరు, తోక పొడవు, రంగు మచ్చ ఎక్కడుందో రాయండి. పుస్తకంలో వెతకడం ఆ తరవాతే. ముందే పుస్తకం తెరిస్తే చూడని రంగులు కూడా చూసినట్టు అనిపిస్తాయి.

ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ కూతను విని పేరు సూచిస్తుంది. అది సూచన మాత్రమే, కంటితో చూసి నిర్ధారించుకున్నాకే రాసుకోండి. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మీ జాబితాలు ఎక్కిస్తే అవి పరిశోధకులకు ఉపయోగపడతాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పాల్గొనడానికి కిటికీ దగ్గర కనీసం 15 నిమిషాలు లెక్కపెడితే చాలు. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ అనే పక్షి ప్రేమికుల బృందం నడకలకు వెళితే ఒక్క ఉదయంలో నేర్చుకునేది చాలా ఉంటుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930ల తొలినాళ్లలో నిజాం రాష్ట్రమంతా తిరిగి పక్షులను నమోదు చేసిన నేల ఇది.

ఏడాది తిరిగేసరికి మీ పుస్తకంలో ఒక వరస కనిపిస్తుంది. సంక్రాంతి తరవాత మోదుగ, బూరుగ పూసినప్పుడు గులాబీ రంగు గోరింకల గుంపులు, మార్చి నుంచి కోయిల కూత, తొలకరితో చాతకం, వానల్లో ఈత చెట్లకు గిజిగాడి గూళ్లు, ఆగస్టులో కాకి వెంట పడి నోరు తెరిచే కోయిల పిల్లలు, సెప్టెంబరు దాటాక డాబాల మీద తోక ఆడిస్తూ తిరిగే జిట్టంగి. సంక్రాంతి మర్నాడు ఇంటి చుట్టూ చెట్లకు చిక్కిన గాలిపటాల మాంజాను కత్తిరించి తీసేయండి. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా, ఇంకా రెక్కలు తెగుతూనే ఉన్నాయి.

8. బాల్కనీలో గూడు పెడితే

పికిలిపిట్ట, తేనెపిట్ట, గువ్వ ఇంటి తీగలకు, కుండీలకు గూడు పెట్టడం మామూలే. పెట్టాక ఆ బాల్కనీ తలుపు పిల్లికి పూర్తిగా మూసేయండి, కిటికీలోంచి కూడా గూడు కనబడకుండా తెర కట్టండి. పిల్లి ముట్టుకోకపోయినా నష్టం జరుగుతుంది. బ్రిటన్‌లోని షెఫీల్డ్‌లో పరిశోధకులు గూటి దగ్గర కాసేపు పిల్లి బొమ్మను ఉంచి తీసేశారు. ఆ తరవాత తల్లిదండ్రులు పిల్లలకు మేత తేవడం మూడో వంతుకు పైగా తగ్గింది. పైగా అవి పెట్టిన గోల వల్ల గూడు ఎక్కడుందో కాకి జాతి పక్షులకు తెలిసిపోయింది.

పికిలిపిట్ట గుడ్లు పొదగడానికి దాదాపు రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి మరో రెండు వారాల లోపు పడుతుంది. నెల రోజులు బట్టలు ఇంకోచోట ఆరేసుకుంటే సరిపోతుంది. గూడు జరపకండి, గుడ్లు తాకకండి, దగ్గరికెళ్లి ఫొటోలు తీయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గూళ్లు, గుడ్లు చెదరగొట్టడం వేట కిందికే వస్తుంది. రామచిలుకను పట్టి పంజరంలో పెట్టుకోవడం కూడా ఈ చట్టం ప్రకారం నేరమే.

9. అనుకోనిది జరిగితే

పిట్ట గదిలోకి వస్తే మొదట పిల్లిని ఎత్తుకెళ్లి వేరే గదిలో వేసి తలుపు మూయండి. వెంటనే ఫ్యాన్ ఆపండి, ఇళ్లలోకి వచ్చిన పిట్టలకు పిల్లికన్నా పెద్ద గండం సీలింగ్ ఫ్యానే. లైట్లు ఆర్పి, ఒక్క కిటికీ మాత్రం బార్లా తెరిచి మీరు బయటికి రండి. వెలుగు వైపు అదే పోతుంది.

పిల్లి నోట పడిన పిట్ట ఎగరగలిగేలా కనిపించినా వదిలేయకండి. పిల్లి లాలాజలంలోని బ్యాక్టీరియా సూదిమొన అంత పంటి గాటులోంచి కూడా రక్తంలోకి పోతుంది, రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, మెత్తటి గుడ్డ పరిచి, పిట్టను ఉంచి మూసి చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టండి. నోట్లో నీళ్లు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం వద్దు. అదే రోజు పశువైద్యుల దగ్గరికి తీసుకెళితే యాంటీబయాటిక్ ఇస్తారు.

నేలమీద పిట్టపిల్ల కనిపిస్తే రెక్కలు వచ్చాయా లేదా చూడండి. పొట్టి తోకతో గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. ఎత్తు కొమ్మ మీద పెట్టి, ఆ నాలుగైదు రోజులు చుట్టుపక్కల పిల్లులను లోపల ఉంచమని అడగండి. ఈకలు లేని పిట్టపిల్ల అయితే గూట్లో పెట్టేయండి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు.

లిట్టర్ ట్రే రోజూ తీయండి. పిట్టనో ఎలుకనో తిన్న పిల్లి ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా క్రిమి, మలంలో ఒకటి నుంచి ఐదు రోజుల తరవాతే ఇతరులకు అంటుకునే స్థితికి వస్తుంది కాబట్టి రోజూ శుభ్రం చేస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. గర్భిణులు ఆ పని చేయకూడదు. మూకుడు కడిగాక, రెట్టలు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి, ఇంట్లోనే ఉండే పిల్లికైనా సరే.

10. పిల్లిని కట్టడి చేయలేని ఇళ్లు

పల్లెల్లో, పెంకుటిళ్లలో, ధాన్యం నిలవ ఉన్న ఇళ్లలో ఎలుకల కోసం పిల్లి కావాలి. పగలంతా తలుపులు తెరిచే ఉంటాయి. అలాంటిచోట పూర్తిగా లోపల ఉంచమనడం కుదరదు, చేయగలిగినంత చేయాలి. పొద్దుగూకాక లోపల వేసి, బాగా తెల్లవారాకే వదలండి. మార్చి నుంచి ఆగస్టు దాకా, గూళ్లు ఉన్నన్నాళ్లు, ఇంకో రెండు గంటలు ఆలస్యంగా వదలండి. గూడున్న చెట్టు మొదలుకు మనిషి ఎత్తున నున్నటి రేకు చుడితే పిల్లి ఎక్కలేదు. ఆపరేషన్ తప్పకుండా చేయించండి. వీధి పిల్లులకు తిండి పెట్టేవాళ్లు కూడా వాటికి ఆపరేషన్ చేయించి, తిండి పిట్టల మూకుడుకు దూరంగా, ఒకే వేళకు పెట్టి మిగిలింది తీసేయాలి.

గంట బదులు ముదురు రంగుల గుడ్డ పట్టీని మెడపట్టీ మీద తొడగవచ్చు. పిట్టలకు రంగులు బాగా తెలుస్తాయి కాబట్టి పొంచి ఉన్న పిల్లిని దూరం నుంచే పసిగడతాయి. ఎక్సెటర్ పరిశోధనలో ఇలాంటి పట్టీ వేసిన పిల్లులు తెచ్చే పిట్టల సంఖ్య 42 శాతం తగ్గింది. ఎలుకలను పట్టడంలో తేడా రాలేదు, కాబట్టి గాదె దగ్గర పిల్లి పని ఆగదు. ఎరుపు, పసుపు పూలున్న పాత నూలు గుడ్డతో రెండు అంగుళాల వెడల్పున ఇంట్లోనే కుట్టుకోవచ్చు. లోపలి మెడపట్టీ మాత్రం గట్టిగా లాగితే ఊడిపోయే రకం కొనండి, కొమ్మకు తగులుకుంటే పిల్లి మెడ బిగుసుకోకుండా ఉంటుంది.